బావగారి బుర్ర

ఆరాధన లేని రోజు, మధ్యాహ్నం. చర్చిలో ఆర్గాన్ వాయించే పెద్దమనిషి నేల మీద వెల్లకిలా పడుకుని, తల ఆర్గాన్ కిందకి పెట్టి, తెగిపోయిన పెడల్ పట్టీ మారుస్తున్నాడు. ఆయన బావమరిది, ఆ చర్చి కమిటీకి సెక్రటరీ, పక్కన బెంచీ అంచు మీద కూర్చున్నాడు.

"నేను ప్రాక్టీసు ఎగ్గొడుతున్నానని ఎవరన్నారు?"

"అది తర్వాత. మంగళవారం, శుక్రవారం సాయంత్రాలు మీరు క్వయరు ప్రాక్టీసుకి వస్తున్నారా, లేదా?"

"ఆ స్క్రూడ్రైవరు ఇలా ఇవ్వు."

"బావా, నేను మీ బావమరిదిగా అడగట్లేదు. కమిటీ సెక్రటరీగా అడుగుతున్నాను."

"అయితే సెక్రటరీగారూ, ఆ స్క్రూడ్రైవరు ఇలా ఇప్పించండి."

"ఇదిగో."

"ఇది కాదు, చిన్నది. కళ్ళజోళ్ళ షాపు పెట్టావు, చిన్న స్క్రూడ్రైవరుకీ పెద్దదానికీ తేడా తెలియదా?"

"మాట మార్చకండి. వస్తున్నారా?"

"రావట్లేదు."

"జలుబని కబురు పంపారట."

"జలుబే."

"మంగళవారం, శుక్రవారం మాత్రమే వచ్చే జలుబా?"

"క్రమశిక్షణ గల జలుబు."

"బావా, ఇది నవ్వులాట కాదు. పోయిన ఆదివారం మీరు వాయిస్తుంటే ముందు బెంచీ పెద్దాయన కాలు ఆడించాడట. పాస్టరుగారు నన్ను పిలిచి మరీ చెప్పారు."

"ఏ కాలు?"

"కుడికాలు."

"అది పక్షవాతం వచ్చిన కాలు కదా."

"అదే."

"మరి ఫిర్యాదు దేనికి? నిలబెట్టి సాక్ష్యం చెప్పించాలి గానీ."

"అది పశ్చాత్తాప కీర్తన బావా. జనం తలలు దించుకోవాల్సిన చోట భుజాలు ఊపారు."

"నేను మామూలుగానే వాయించాను."

"మామూలుగా వాయిస్తే మామూలుగా నిద్రపోయేవాళ్ళు. మీ చేతికి ఏదో అయింది. కాస్త లేచి కూర్చోండి, మీ కాళ్ళతో మాట్లాడుతున్నట్టుంది."

"కాళ్ళకి చెప్పు. అవి నాకు చెప్తాయి."

"సరే, కాళ్ళకే చెప్తున్నాను. మీరు బస్ డిపో వెనక వీధిలో ఒక ఆడమనిషి ఇంటికి వెళ్తున్నారట."

"వెళ్తున్నాను."

"కాస్త ఆగి ఒప్పుకోవచ్చుగా బావా. నేనింకా సిద్ధపడలేదు."

"నువ్వు అడిగావు, నేను చెప్పాను."

"ఎవరావిడ?"

"రిటైరైన బస్సు కండక్టరు. టిక్కెట్టమ్మ అంటారు."

"మా అక్కకి తెలుసా?"

"తెలియకూడదు."

"అయ్యో బావా."

"అయ్యో ఏమిటి? ఆవిడకి డెబ్బై దాటాయి."

"మరి అక్కడికెళ్ళి ఏం చేస్తారు?"

"తిట్లు తింటాను."

"ఇంట్లో దొరకవా?"

"మీ అక్క తిట్టదురా. నేనేదన్నా తప్పు చేస్తే లోపలికెళ్ళి గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి నా ముందు పెడుతుంది. అవి తాగడం కన్నా తిట్లు తినడం తేలిక."

"డొంకతిరుగుడు వద్దు. ఎందుకు వెళ్తున్నారు?"

"బుర్ర కోసం."

"ఏమిటి?"

"బుర్ర."

"మీకు లేదని ఎవరన్నారు?"

"వాయించే బుర్ర. సొరకాయ ఎండబెట్టి, ఒకవైపు కోసి, తోలు బిగించి, మూడు తీగలు కడతారు. ఒళ్ళో పెట్టుకుని మీటుతారు. అది నేర్చుకుంటున్నాను."

"బస్టాండుల్లో పాటలు పాడుతూ తిరిగేవాళ్ళ చేతుల్లో ఉంటుంది, అదా?"

"అదే."

"ఒక్క నిమిషం ఆగండి."

"ఆగాను."

"బావా, ఆడమనిషి సంగతే నయం. కమిటీకి చెప్పుకోవచ్చు. తప్పు చేశాడు, కుమిలిపోతున్నాడు అనొచ్చు. దీనికి ఏమని చెప్పాలి?"

"నేర్చుకుంటున్నాడని చెప్పు."

"ఈ వయసులోనా?"

"ఇంతకుముందు తీరలేదు."

"అసలు ఎలా మొదలైంది ఇది?"

"వానతో. డిపో నుంచి వస్తుంటే పట్టుకుంది. ఒక ఇంటి చూరు కింద నిలబడ్డాను. లోపల ఎవరో వాయిస్తున్నారు. వాన తగ్గిపోయింది, నేను కదల్లేదు. ఆవిడ కిటికీ తెరిచి, 'ఎక్కితే ఎక్కు, దిగితే దిగు, మెట్ల మీద వేలాడకు' అంది. ఎక్కాను."

"ఎక్కారు. బాగానే ఉంది. పాస్టరుగారు ఏమన్నారో తెలుసా? ఆదివారంలోపు ఏదో ఒకటి తేల్చమన్నారు. ఆయన మంచివాడు, తీసేస్తానని నోటితో అనలేదు. ఆస్పత్రిలో చేసే ఆ నర్సమ్మ కీబోర్డు బాగా వాయిస్తుందని మాత్రం మాటిమాటికీ అన్నారు."

"బాగానే వాయిస్తుంది."

"మీకు బాధ లేదా?"

"ఆ అమ్మాయి బాగా వాయిస్తే నాకు బాధెందుకు?"

"ఇది మా నాన్న వాయించిన ఆర్గాన్ బావా. ఆయన మీకు అప్పగించి పోయాడు."

"అప్పగించలేదు. పిల్లనిస్తూ కలిపి ఇచ్చాడు. 'అల్లుడూ, రెంటినీ జాగ్రత్తగా చూసుకో. తడి తగలనివ్వకు. ఎక్కువ ఒత్తిడి పెట్టకు. పిలిస్తే పలుకుతుంది' అన్నాడు. అందులో ఏ మాట మీ అక్క గురించో, ఏది ఆర్గాన్ గురించో నాకు ఇప్పటికీ తెలియదు."

"అయితే ఇన్నాళ్ళూ ఇష్టం లేకుండానే వాయించారా?"

"ఈ పట్టీ కొస పట్టుకుని లాగు. ఇంకా. అలా పట్టుకుని ఉండు. ఇష్టం లేకపోవడం కాదురా. మీ అక్క ప్రతి ఆదివారం ముందు వరసలో కూర్చుంటుంది. నేను వాయిస్తున్నంతసేపూ నా వంక చూడదు. ఆర్గాన్ వంకే చూస్తుంది. వాళ్ళ నాన్న ఇంకా ఇక్కడే కూర్చున్నట్టు. ఆ చూపు చూశాక 'నేనిక వాయించలేను' అని ఏ నోటితో చెప్పను? వింటున్నావా?"

"పట్టీ లాగుతున్నాను."

"ఇక వదులు. పట్టింది. ఇంతకీ పాస్టరుగారి చెవిలో ఊదింది ఎవరు?"

"పేరు చెప్పట్లేదాయన. నమ్మకమైన మనిషి అన్నారు."

"అయితే నువ్వు కాదు."

"నేను కాదు. ముందు బెంచీ పెద్దాయనేమో."

"కాలు కదిలిన మనిషి నా మీద చాడీ చెప్తాడా?"

"వాళ్ళావిడ?"

"ఆవిడకి చెవుడు. పైగా నేనంటే అభిమానం."

"చెవుడు కాబట్టే అభిమానం. సరే, ఎవరైతేనేం. ఇవాళ శుక్రవారం. సాయంత్రం జలుబు వస్తుందా?"

"వస్తుంది."

"నేనూ వస్తాను. కమిటీకి చెప్పాలంటే కళ్ళారా చూసి చెప్పాలి."

"అయితే కళ్ళజోడు పెట్టుకురా. ఊరందరికీ అమ్ముతావు, నువ్వు మాత్రం గోడలకి గుద్దుకుంటావు."

సాయంత్రం. బస్ డిపో వెనక వీధిలో టిక్కెట్టమ్మ ఇల్లు. ముందుగది ఇరుకు. ఒక మంచం, రెండు స్టూళ్ళు, మేకుకి వేలాడుతున్న పాత యూనిఫారం చొక్కా. ఆర్గాన్ ఆయన వెనకే బావమరిది గుమ్మంలో నిలబడ్డాడు.

"ఎవరితను?"

"మా బావమరిది అండీ."

"నేర్చుకుంటాడా?"

"లేదండీ, నేను విచారణకి వచ్చాను. చర్చి కమిటీ తరఫున."

"విచారణ గుమ్మంలో నిలబడి చెయ్యకు. లోపల ఖాళీ ఉంది, జరుగు. ఇంకా జరుగు. ఆ మంచం మీద కూర్చో. మధ్యలో చిల్లర ప్రశ్నలు అడగకు."

"సరేనండీ."

"నువ్వు తియ్యవయ్యా బుర్ర. ఏమిటా పట్టుకోవడం, పక్కింటివాళ్ళ పింగాణీ కప్పు పట్టుకున్నట్టు? ఒళ్ళోకి తీసుకో. పొట్టకి ఆనించు. ఇంకా. అది కరవదు."

"ఇలాగా అండీ?"

"అలా. ఇప్పుడు కింది తీగ ఒక్కటే మీటు. వినబడిందా?"

"వినబడిందండీ."

"ఎక్కడ?"

"బొడ్డు దగ్గర."

"బొడ్డు దగ్గరేమిటి బావా?"

"నీకు తెలియదులే. చర్చిలో నేను తొక్కిన గాలంతా పైకి పోతుంది. కప్పుకి తగిలి జనం మీద పడుతుంది. నాకేమీ మిగలదు. ఇది నాలోనే మోగుతుంది. నీ చెయ్యి ఇలా తే, ఈ సొరకాయ మీద పెట్టు. తెలుస్తోందా?"

"జిల్లుమంటోంది."

"ఇంకా మీటనే లేదు."

"చిల్లర ప్రశ్నలు వద్దన్నాను. చెయ్యి తియ్యి. ఆ, మంగళవారం చెప్పిన వరస మొదలుపెట్టు."

"ఎన్ని మాత్రలండీ?"

"మాత్రలు మందులషాపులో అడుగు."

"అంటే, తాళం—"

"తాళం తలుపుకి. నువ్వెప్పుడన్నా బస్సులో నిలబడి వెళ్ళావా?"

"వెళ్ళానండీ."

"బస్సు కదిలితే ఏం చేస్తావు?"

"ఊగుతాను."

"ఎన్నిసార్లు ఊగాలో డ్రైవరు చెప్పాడా?"

"లేదండీ."

"పక్కవాడు ఊగితే నువ్వూ ఊగుతావు. గుంత వస్తే ఇద్దరూ ఎగురుతారు. ఎవరూ పడరు. అంతే ఇది. కానియ్యి. తప్పు."

"తప్పేనండీ."

"మళ్ళీ. ఇది ఇంకా పెద్ద తప్పు. నవ్వుతావేమయ్యా?"

"ఏం లేదండీ. తప్పు బాగా గట్టిగా వినబడింది."

"తప్పుకి నవ్వొస్తుందా ఎవరికైనా?"

"వస్తోందండీ, ఆగట్లేదు. అక్కడ ఇలాంటిది ఒక్కటి పడితే చర్చంతా తలలు తిప్పుతుంది. ఒప్పు వాయిస్తే ఒక్క తలా తిరగదు. ఎవరి తలా తిరక్కుండా చూసుకోవడమే నా ఉద్యోగం ఇన్నాళ్ళూ. ఇక్కడ మామూలుగా వినేది మీరొక్కరు. మీరు ముందే నా వైపు తిరిగి కూర్చున్నారు."

"నేను నీ వైపు తిరిగింది నమ్మకం లేక. మాటలు చాలు, మళ్ళీ. ఆ, అలా. వదలకు. గుంత. ఎగురు. అలా. అలా. బ్రేకు వెయ్యకు, ఎవరడిగారు నిన్ను బ్రేకు? పోనీ. పోనీ. ఆగు. ఏమిటా చప్పుడు?"

"నేను కాదండీ."

"నువ్వే. మంచం కోడుని మడమతో కొడుతున్నావు."

"కాలు దానంతట అదే కదిలిందండీ."

"నీకేమీ పక్షవాతం లేదుగా?"

"బావా, ఆ మాట ఇక్కడెందుకు?"

"కమిటీ కాలు బాగానే పడుతోంది. కొట్టనీ. నువ్వు ఆ కాలు పట్టుకుని పోవయ్యా. ఆ. ఇద్దరూ ఊగండి. అదీ. ఇప్పుడు బస్సు కదిలింది."

"అమ్మా, ఒక చిల్లర ప్రశ్న."

"ఏమిటి?"

"మా బావ ఎలా వాయిస్తాడు?"

"నాసిరకంగా."

"బాగా రావడానికి ఎన్నాళ్ళు పడుతుంది?"

"రాదు."

"రాదా?"

"చిన్నప్పుడు పట్టుకోవాలి దీన్ని. ఈయన వేళ్ళు ఆర్గాన్ మెట్ల మీద బిగుసుకుపోయాయి. ఏదో, ఉన్నంతలో వస్తుంది."

"మరెందుకు నేర్పుతున్నారు?"

"ఇంతకుముందు వచ్చినవాళ్ళందరూ తప్పు వాయించి బుర్రని తిట్టారు. తీగ బాలేదన్నాడొకడు, తోలు వదులన్నాడొకడు. నేనూ ఒకప్పుడు అదే చేశాను. తప్పు వాయించి తన మీద తనే నవ్వుకున్నవాణ్ణి ఈయన్నే చూశాను. ఆయన వాయిస్తే నాకు వినబుద్ధి కాదు, నవ్వితే వినాలనిపిస్తుంది. ఇక లేవండి. నా పొయ్యి మీద పాలున్నాయి."

"వీధిలోకి వచ్చేశాం, ఇక చెప్పు. విన్నావా?"

"విన్నాను బావా. నిజంగానే తిట్టింది."

"చెప్పానుగా."

"అక్కకి ఏమని చెబుదాం?"

"నీ షాపుకొచ్చి కళ్ళు చూపించుకున్నానని చెబుదాం."

"అబద్ధం నేను చెప్తాను. మీకు చేతకాదు. మీరు ఊరికే ఊఁ అనండి."

చీకటి పడకముందే ఇద్దరూ ఇంటికి చేరారు. ఆర్గాన్ ఆయన భార్య ముందుగదిలో కూర్చుని ఉతికిన బట్టలు మడతపెడుతోంది.

"ఇద్దరూ కలిసి వచ్చారేం?"

"దారిలో కలిశాం అక్కా."

"షాపులో కలిశాం."

"షాపుకెళ్ళే దారిలో."

"సరే."

"బావగారి కళ్ళు చూశానక్కా. పవరు మారిందేమోనని."

"మారిందా?"

"మారింది."

"మారలేదు."

"ఒక కంటికి మారింది, ఒక కంటికి మారలేదు."

"సరే. మంచినీళ్ళు తెస్తానుండండి."

"వద్దు. నీళ్ళు తేకు."

"బావా, మీరు ఊఁ అనండి చాలు."

"నువ్వుండరా. ఇలా కూర్చో. నీకో సంగతి చెప్పాలి."

"కూర్చునే ఉన్నాను."

"నేను మంగళవారం, శుక్రవారం ప్రాక్టీసుకి వెళ్ళట్లేదు. డిపో వెనక ఒకావిడ ఉంది. పెద్దావిడ. ఆవిడ దగ్గర బుర్ర నేర్చుకుంటున్నాను. సొరకాయ బుర్ర."

"అక్కా, బావ బాగా వాయిస్తాడు."

"నాసిరకంగా అందిగా ఆవిడ."

"బాగా నాసిరకంగా వాయిస్తాడు. నేను చూశాను. అంత సంతోషంగా తప్పులు వాయించే మనిషిని నేనెక్కడా చూడలేదు."

"తమ్ముడూ, మడతపెట్టిన చొక్కా మీద కూర్చున్నావు. కాస్త లే."

"ఎవరో వెళ్ళి పాస్టరుగారికి చెప్పారట. ఆదివారంలోపు తేల్చుకోమన్నారు. నేను తేల్చుకున్నాను. బుర్ర ఆవిడకి తిరిగి ఇచ్చేస్తాను."

"బావా, అదేమిటి? దారిలో ఆ మాట అనలేదే."

"దారిలో అనుకున్నాను. అనలేదు. మీ నాన్న కూర్చున్న చోట ఇంకెవరినో కూర్చోబెడితే నువ్వు చూడలేవు. ఆర్గాన్ వాయించడం మొదలుపెడితే చివరిదాకా నువ్వు దాని మీద నుంచి కళ్ళు తిప్పవు. నాకు తెలియదా?"

"దాన్ని చూస్తానా నేను?"

"చూస్తావు."

"ఎందుకు చూస్తాననుకున్నారు?"

"మీ నాన్న గుర్తొచ్చి."

"నాన్న బతికుండగా మీ పక్కనే కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. మీరు ఒక్క మెట్టు తప్పితే దగ్గేవాడు. దగ్గితే మీ చెవులు ఎర్రబడేవి. అది చూడలేక నేను ఆర్గాన్ వంక చూసేదాన్ని."

"ఆయన పోయి ఎన్నేళ్ళయింది?"

"ఆయన పోయాడు, దగ్గు పోయింది. మీ చెవులు మాత్రం ఇప్పటికీ ప్రతి ఆదివారం ఎర్రబడుతున్నాయి."

"నాకు తెలియదే."

"మీ చెవులు మీకెలా కనిపిస్తాయి? ఆ తువ్వాలు ఇలా ఇవ్వండి."

"ఇదిగో. అయితే నువ్వు—"

"జలుబని చెప్పి వెళ్ళిన మనిషి పాట పాడుకుంటూ తిరిగొస్తుంటే నాకు అనుమానం వచ్చింది. ఒకరోజు మీ వెనకే వచ్చాను."

"అక్కా, నువ్వా?"

"నేనే. ఇంకో మనిషి ఉందేమోననే వచ్చాను, అబద్ధమెందుకు. గోడ పక్కన నిలబడ్డాను. లోపల ఆడగొంతు ఒకటి తిడుతోంది. మగగొంతు ఒకటి నవ్వుతోంది. ఎవరబ్బా ఈయన, ఇంత హాయిగా నవ్వుతున్నాడు అనుకున్నాను. నవ్వు ఆగి, 'మళ్ళీ వాయిస్తానండీ' అని వినబడ్డాక తెలిసింది మీరని. ఇన్నేళ్ళు కాపురం చేశాను, మీ నవ్వు నేను పోల్చుకోలేకపోయాను."

"చెప్పొచ్చుగా నాతో."

"చెప్తే ఏం చేసేవాళ్ళు?"

"మానేసేవాణ్ణి."

"ఏది?"

"బుర్ర."

"అందుకే చెప్పలేదు. మర్నాడు పొద్దున్నే పాస్టరుగారి దగ్గరికి వెళ్ళి మీరెక్కడికి వెళ్తున్నారో చెప్పాను. మా ఆయనకి మొహమాటం, తనంతట తను ఆర్గాన్ మానడు, ఏదో ఒక తప్పు పట్టి మీరే తీసెయ్యండి అని చెప్పి వచ్చాను."